ఎనభై ఏడు మిల్లీలీటర్లు

రంగు మందు అంటారు గానీ
దానికి రంగే ఉండదు.
వెచ్చబెట్టే పెట్టెలోంచి తీసి దీపానికేసి పట్టుకుంటే
నీళ్ళే,
కాకపోతే కొంచెం బద్ధకంగా కదిలే నీళ్ళు.

అంతోఫగాస్తా ఆసుపత్రిలో పదకొండేళ్ళుగా
ఈ నీళ్ళు కొలవడమే నా పని.
ఇవాళ తొలి పేరు ఎలెవుతేరియో చోకె.
డెబ్బై ఒక్కేళ్ళు. కడుపు స్కాను.
కాగితం మీద బరువు డెబ్బై రెండు కిలోలు.

ఆ అంకెని నేను నమ్మలేదు.
అతని బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త చిల్లులు మూడు,
మూడోదాని అంచు ఇంకా పచ్చిగానే ఉంది.
"ఒక్కసారి కాటా ఎక్కండి."
బూట్లు విప్పాడు. జేబులో తాళాలు కుర్చీ మీద పెట్టాడు.
చేపల బజారులో మోసం కనిపెట్టేవాడిలా
ముల్లు కేసి వంగి చూశాడు.
యాభై ఎనిమిది.

ఇద్దరం ఏమీ అనలేదు.

నేను చేరిన కొత్తలో అందరికీ ఒకటే, వంద.
రేవులో మూటలెత్తే భారీ మనిషికీ వందే,
పిచ్చుకంత పంతులమ్మకీ వందే.
గరిటెతో పులుసు పోసినట్టు పోసేవాళ్ళం.
ఆయనకి చాలక కాలేయం బూడిద ముద్దలా కనబడేది,
ఆవిడ మూత్రపిండాలు మోయలేక మూలిగేవి.
ఇప్పుడు కిలోకి ఒకటిన్నర.
రక్తపరీక్ష మరోసారి చూశాను, క్రియాటినిన్ ఫర్వాలేదు.
రాసి ఉన్న నూట ఎనిమిది కొట్టేసి
ఎనభై ఏడు వేశాను.
తేడా ఇరవై ఒక్క మిల్లీలీటర్లు,
కాఫీ కప్పు అడుగున వదిలేసేంత.

ఎండిన నరం మూడో ప్రయత్నానికి దొరికింది.
"ఇందులో ఏముంది, యాస్నా?" నా బిళ్ళ చూసి అడిగాడు.
"అయోడిన్."

నవ్వాడు. పై వరుసలో రెండే పళ్ళు.
"నేను తవ్విందే కదా!"
ముప్ఫై నాలుగేళ్ళు కలీచే గనిలో,
ఎడారి పైపొర కింద సుత్తికి పలకని తెల్లటి పెచ్చు పగలగొడుతూ.
తర్వాత ఊదా పొగ లేచే షెడ్డులో.
"ఓర్టెన్సియా నా చొక్కాలు విడిగా ఉతికేది,
దుప్పట్లకి మరకలంటుతాయని తిడుతూ.
అన్ని టన్నులు ఓడలెక్కించాం.
ఇదంతా ఎవడు తింటాడా అనుకునేవాణ్ణి."

ఏ దేశం చుట్టి వచ్చిందో,
ఏ సీసాలో కుదురు నేర్చుకుందో,
ఇప్పుడు అతని మోచేతి మడత దగ్గర నిలబడి ఉంది.

"నా వాటా ఎంత?"
మనసులోనే హెచ్చవేశాను. "ఇరవై ఆరు గ్రాములు."
"అంతేనా? మా మేస్త్రీయే నయం."

అద్దం వెనక్కి వెళ్ళి మైకులో చెప్పాను:
ఒళ్ళంతా వేడి పాకుతుంది,
రాగి బిళ్ళ నాకినట్టుంటుంది,
ఉచ్చ పడిపోయిందనిపిస్తుంది, పడదు, కంగారొద్దు.
సెకనుకి మూడు మిల్లీలీటర్లు.
వెనకాలే కాస్త ఉప్పునీళ్ళు.
మొదలుపెట్టిన దగ్గర్నించి డెబ్బై సెకన్లు ఆగాలి.
తొందరపడితే ధమనులు తప్ప ఏవీ పలకవు,
ఆలస్యమైతే వెలుగు జారిపోతుంది.
నాకు ప్రార్థన రాదు. అంకెలే లెక్కపెడతాను.

"ఊపిరి బిగబట్టండి."

కాలేయం వెలిగింది.
మూత్రపిండాలు రెండు తెల్లటి చిక్కుడు గింజలు.
క్లోమం తోక దగ్గర
గోరంత మేర వెలగలేదు.
కొలత తప్పి ఉంటే
తప్పు మందుదేనని సర్దుకునేదాన్ని.
తప్పలేదు.

గుండీలు పెట్టుకుంటూ అడిగాడు,
"ఏమైనా కనబడిందా?"
"డాక్టరు చెబుతారు."
ఈ మాటకి మాత్రం నా దగ్గర కిలోల లెక్క లేదు.
ఇప్పటికీ అందరికీ అదే గరిటె.

"నీళ్ళు బాగా తాగండి. రేపటికల్లా బయటికి పోతుంది."
"పోయి ఎక్కడికెళ్తుంది?"
కిటికీ చూపించాను.
పొగమంచు కింద సముద్రం,
లంగరేసిన ఓడ ఒకటి.

కాసేపు చూశాడు.
రెండో గ్లాసు తనే అడిగి తాగాడు.